రబీ నాటుకు ముందే ఊరి నీటి లెక్క: చెరువూ బోర్లూ ఉన్న ఊరికి సమగ్ర మార్గదర్శి

ఫిబ్రవరి వచ్చేసరికి వరి పొట్టమీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే, అంతవరకూ నిండుగా రెండించులు పోసిన బోరు ఆపి ఆపి పోయడం మొదలుపెడుతుంది. మడి నెర్రెలు బారుతుంది. చేతిలో డబ్బున్నవాళ్ళు ట్యాంకర్లతో తడుపుతారు. అప్పు పుట్టినవాళ్ళు ఇంకో పాయింటు చూపించి బోరు వేయిస్తారు. రెండూ కుదరనివాళ్ళు పైరును గొర్రెలకు వదిలేస్తారు. తెలంగాణ చెలకల్లో, రాయలసీమలో, ప్రకాశం పడమటి మండలాల్లో వానలు తగ్గిన ఏడాదల్లా ఇదే వరస.

ఆ నీళ్ళు చాలవన్న సంగతి అక్టోబరులోనే తెలుసుకోవచ్చు. దానికి ఇంజినీరు అక్కర్లేదు. ఒక వానమాపకం, ఒక డ్రమ్ము, బోరులోకి దించే ఒక తీగ, ఒక నోట్‌బుక్ ఉంటే సరిపోతుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఫామ్స్ పేరుతో ఒక పథకం నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరువందలకు పైగా ఊళ్ళలో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని లెక్క వేశారు. వరి వేయొద్దని ఎవరినీ కట్టడి చేయలేదు. లెక్క గోడమీద రాసి పెట్టారు, చూసినవాళ్ళు తమ పంట తామే మార్చుకున్నారు. మహారాష్ట్రలోని హివరే బజార్ ఇంకో దారి పట్టింది. అక్కడ సేద్యానికి బోరు వేయడమే నిషేధం, చెరకు, అరటి వేయకూడదు. అంత కట్టుబాటు ఒక తరం పాటు నిలిచిన నాయకత్వం ఉంటే తప్ప సాగదు. మన ఊళ్ళలో మొదటి దారితోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఈ మార్గదర్శి కూడా ఆ దారిలోనే నడుస్తుంది.

ముందుగా మనుషులు, తేదీలు

ఆరేడుగురు చాలు. చెరువు తూము తెరిచే నీరటి (సీమలో నీరుగంటి), చివరి ఆయకట్టు రైతు ఒకరు, బోరు లేని రైతు ఒకరు, చేపల సొసైటీ నుంచి ఒకరు, గొర్రెలు కాసేవాళ్ళలో ఒకరు, మహిళా సంఘం నుంచి ఇద్దరు. లెక్కలు రాయడానికి చదువుకునే కుర్రాడో అమ్మాయో ఉంటే మరీ మంచిది. అందరూ పెద్ద బోర్ల ఆసాములే అయితే మాత్రం లెక్క ఎంత సరిగ్గా వచ్చినా ఊరు నమ్మదు.

ఏడాదిలో రెండు తేదీలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది రోహిణి కార్తె, అంటే మే నెలాఖరు. నీటిమట్టం అడుగంటిపోయే సమయం అది. రెండోది చిత్త కార్తె, అక్టోబరు మధ్య. స్వాతి కార్తె వచ్చేలోపు లెక్క తేలి, ఊళ్ళో చదివి వినిపించడం అయిపోవాలి. వరి నారు పోశాక లెక్క చెప్తే ఎవరూ వినరు. వినకపోవడంలో తప్పేమీ లేదు కూడా, అప్పటికే విత్తనానికీ దున్నకానికీ పెట్టుబడి పెట్టేసి ఉంటారు.

మొదటి అడుగు: ఊరి హద్దు నడవడం

గ్రామ లెక్కల్లోంచి మొత్తం విస్తీర్ణం తీసుకోండి. అందులోంచి గుట్టలు, బండలు తేలిన నేల తీసేయండి, అక్కడ పడిన వాన ఇంకదు, దిగువకు జారిపోతుంది. మిగిలిందే మీ ఇంకే నేల.

తర్వాత ఒకరోజు పొద్దున్నే బయల్దేరి చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగునూ కాలువలనూ వెనక్కి నడవండి. ఎక్కడ మట్టి పోసి చదును చేశారో, ఎక్కడ తుమ్మ పెరిగిందో, ఎక్కడ రోడ్డు కింద తూరలు పూడిపోయాయో రాసుకోండి. చెరువు నిండకపోవడానికి వాన తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు, కాలువ తెగిపోయిన చెరువులు మన దగ్గర కొల్లలు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు, కట్టలు బాగుచేశారు. కానీ నీళ్ళొచ్చే దారి మూసుకుపోతే పూడిక తీసిన చెరువు లోతైన గొయ్యిగా మిగిలిపోతుంది. ఎక్కువ చెరువులు గొలుసుకట్టు చెరువులే కాబట్టి, పై ఊరి మత్తడి ఎప్పుడు దూకుతుందో, మీ అలుగు ఏ ఊరి చెరువులోకి పోతుందో కూడా రాసుకోండి. మీ ఊరు దాటిపోయిన నీరు వృథా అయిందనుకోవద్దు, కింద ఊరి లెక్కలో అది రాబడి.

రెండో అడుగు: వాన కొలత

వానమాపకం కొంటే సరే, లేకపోతే మూతీ అడుగూ ఒకే వెడల్పున్న నిలువు డబ్బా చాలు. డబ్బా ఎంత వెడల్పన్నది ముఖ్యం కాదు, లోపలి నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో చదివితే అదే వాన. చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. రోజూ ఉదయం 8:30కి చదవాలి, వాతావరణ శాఖ కూడా అప్పుడే చదువుతుంది.

మిల్లీమీటరు లెక్క తేలిక. ఒక హెక్టారులో 1 మి.మీ. వాన పడితే 10 ఘనపు మీటర్లు, అంటే 10 వేల లీటర్లు. ఎకరంలో అయితే 4,047 లీటర్లు. ఈ రెండు అంకెలూ నోటికి రావాలి.

మొత్తం వానతో పాటు ఎలా పడిందో కూడా రాసుకోండి. పది రోజులు పది పది మిల్లీమీటర్ల జల్లు పడితే పైరుకు సంబరం, బోరుకు ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. అదే వంద మిల్లీమీటర్లు రెండు రోజుల్లో పడితే వాగు పారుతుంది, చెరువులోకి నీరొస్తుంది, కింది పొరలకు కొంత దిగుతుంది. 'వానలు బాగానే పడ్డాయి కదా, బోర్లెందుకు లేవలేదు' అని ఊళ్ళో అడిగేవాళ్ళకు జవాబు మీరు రాసుకున్న ఈ వాన నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది.

మూడో అడుగు: బోర్లలో నీటిమట్టం

అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

ఊరిలో నాలుగైదు చోట్ల మోటారు లేని పాత బోర్లు, వాడకం లేని బావులు ఎంచుకోండి. ఒకటి ఎగువన గుట్ట దిగువలో, ఒకటి ఊరి మధ్యలో, ఒకటి చెరువు కట్ట కింద, ఇలా. కేసింగ్ అంచుమీద పెయింటుతో గుర్తు పెట్టి నంబరు వేయండి, ఎప్పుడూ ఆ గుర్తు నుంచే కొలవాలి. రెండు పోగుల వైరుకు చివర పైతొడుగు తీసి, రెండు పోగులూ ఒకదానికొకటి తగలకుండా దూరంగా ఉంచి, చిన్న బరువు కట్టండి. పైచివర మల్టీమీటరుకు తగిలించండి. చివర నీటిని తాకగానే మీటరులో అంకె కదులుతుంది. అక్కడ వైరును గోటితో పట్టుకుని పైకి లాగి టేపుతో కొలవడమే. వైరుకు మీటరుకొకటి చొప్పున రంగు టేపు చుట్టుకుంటే పని ఇంకా తేలిక.

పక్క బోర్లు నడుస్తున్నప్పుడు కొలిస్తే అంకె తప్పుతుంది. కరెంటు రాకముందే, తెల్లవారుజామున కొలవాలి. రోజంతా కరెంటు ఉండి ఆటో స్టార్టర్లు బిగించిన చోట అయితే ముందురోజు రాత్రే చుట్టుపక్కల నాలుగు బోర్లవాళ్ళకు చెప్పి ఆపించాలి. పదిహేను రోజులకోసారి కొలిస్తే మంచిది. కుదరకపోతే రోహిణిలో, చిత్తలో తప్పనిసరి.

ఇక్కడ ఒక సంగతి అర్థమైతే మిగతా అంతా అర్థమైనట్టే. మన కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నీళ్ళు ఉండేది దాని పైన చివికిన పొరలోనూ, పగుళ్ళలోనూ. 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ ప్రమాణాల ప్రకారం బంకమన్ను ఎక్కువున్న చివుకు రాయిలోంచి మనకు దక్కే నీరు ఆ రాతి ఘనపరిమాణంలో 1.5 శాతం, బంకమన్ను తక్కువున్న చోట 3 శాతం. అంటే నీటిమట్టం ఒక మీటరు పైకి లేచిందంటే కింద చేరింది 15 నుంచి 30 మిల్లీమీటర్ల నీరే. రెండు మూడు మీటర్లు లేచిందని సంబరపడి వరి నాటిన పొలానికి కావాల్సింది 1,200 మిల్లీమీటర్లు.

నాలుగో అడుగు: డ్రమ్ముతో బోర్ల కొలత

నడిచే బోర్లన్నీ లెక్కపెట్టండి. రైతుని అడిగితే 'రెండించుల నీళ్ళు' అంటాడు. మాటకు అది చాలు, లెక్కకు చాలదు. 200 లీటర్ల డ్రమ్ము ఆటోలో వేసుకుని ఊళ్ళోని బోర్లలో కనీసం పదిహేను ఇరవై తిరగండి. మోటారు వేసి పావుగంట ఆగాలి, మొదట వచ్చే ధార ఎప్పుడూ ఎక్కువే. ఆ తర్వాత పైపు కింద డ్రమ్ము పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

డ్రమ్ము 80 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9 వేల లీటర్లు. రోజుకు 9 గంటలు నడిపితే 81 ఘనపు మీటర్లు. 120 రోజుల రబీకి 9,720. ఎకరం వరికి 1,200 మి.మీ. చొప్పున 4,856 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఆ బోరు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకేలా పోస్తే సరిగ్గా రెండెకరాలు. కానీ అది ఒకేలా పోయదు. జనవరిలో మళ్ళీ కొలిస్తే అదే డ్రమ్ము నిండడానికి వంద సెకన్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. మూడెకరాల్లో వరి పెట్టిన రైతు లెక్క ఎక్కడ తప్పిందో ఆ డ్రమ్ము దగ్గరే తెలిసిపోతుంది. అదే నీళ్ళు 500 మి.మీ. చాలే మొక్కజొన్నకో వేరుశనగకో పెడితే దాదాపు అయిదెకరాలకు వస్తాయి.

ఈ కొలత రైతు పొలంలో, రైతు చేతిలోనే స్టాప్‌వాచ్ పెట్టి చేయించండి. తన అంకె తనే రాసుకున్నవాడు రేపు సభలో దాన్ని కాదనడు.

అయిదో అడుగు: చెరువులో ఎన్ని నీళ్ళు

నీటి విస్తీర్ణం, తూము దగ్గర లోతు, ఈ రెండూ తెలిస్తే చాలు. విస్తీర్ణాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని 0.4తో గుణించండి. చెరువు అడుగు పళ్ళెంలా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అలా తగ్గించాలి. విస్తీర్ణం కోసం ఫోన్ పట్టుకుని నీటి అంచు వెంట నడిస్తే పొలం కొలిచే యాప్‌లే చెప్పేస్తాయి.

ఉదాహరణకు 20 హెక్టార్లలో నీళ్ళుండి, తూము దగ్గర రెండున్నర మీటర్ల లోతు ఉంటే 2 లక్షల ఘనపు మీటర్లు. చూడటానికి సముద్రంలా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఎండకు ఆవిరయ్యేదీ, అడుక్కి ఇంకేదీ కలిపి రోజుకు 6 మి.మీ. వేసుకోండి. 90 రోజుల్లో అర మీటరుకు పైన, సగటున 15 హెక్టార్ల మీద 81 వేలు. చేపలకూ పశువులకూ అడుగున 50 వేలు ఉంచాలి. మిగిలింది 69 వేలు. కాలువలో దారి పొడవునా పోయేది (ముప్పై శాతం వేసుకుంటే) పోగా పొలానికి చేరేది 48 వేల చిల్లర. ఎకరానికి 50 మి.మీ. తడి అంటే 202 ఘనపు మీటర్లు, కాబట్టి 60 ఎకరాలకు నాలుగు తడులు. వరికైతే పదెకరాలు. సభలో ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చదివితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇందులోంచే ఇంకో సూత్రం వస్తుంది: చెరువు నీళ్ళు ముందు, బోరు నీళ్ళు తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చెరువును వేసవికని దాచి నవంబరు నుంచే మోటార్లు వేస్తారు. చెరువులో దాచింది ఎండకు పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే రోజుకు 8 నుంచి 10 మి.మీ. ఆవిరవుతుంది. భూమిలో ఉన్నదాన్ని ఎండ ముట్టుకోదు. కట్ట కింద బోర్లున్న రైతులు జనవరి దాకా తూము నీళ్ళతో లాగించి, ఆ తర్వాత మోటారు వేస్తే అందరికీ కలిసొస్తుంది.

ఆరో అడుగు: జమాఖర్చు

ఇప్పుడు ఒక ఊరిని ఊహించుకుందాం. విస్తీర్ణం వెయ్యి హెక్టార్లు, అందులో గుట్ట వంద. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 600 మి.మీ. వాన. జనాభా 2 వేలు. లెక్క తేలిగ్గా ఉండాలని నడిచే బోర్లు 60 అనుకుందాం, నిజం ఊళ్ళలో ఇంతకు రెండు మూడింతలుంటాయి.

జమ: 900 హెక్టార్లలో 600 మి.మీ. అంటే 54 లక్షల ఘనపు మీటర్లు. బంకమన్ను కలిసిన చివుకు రాతి నేలలో ఇంకేది ఇందులో 8 శాతం, అంటే 4.32 లక్షలు. బంకమన్ను తక్కువున్న నేలైతే 11 శాతం వేసుకోవచ్చు. చెరువు అడుగు నుంచి రోజుకు 1.4 మి.మీ. ఇంకుతుందని ప్రమాణం. సగటున 18 హెక్టార్ల మీద నాలుగు నెలలకు 30 వేలు. మొత్తం 4.62 లక్షలు.

ఖర్చు: మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి తాగునీరు 40 వేలు. పశువులకు, గొర్రెలకు 13 వేలు. వానాకాలంలో బోర్లు సగటున 30 రోజులు నడిచాయి కాబట్టి 60 బోర్లకు 1.46 లక్షలు. వాగు ఊటగా దానంతటదే బయటకు పోయేదానికి పది శాతం, అంటే 46 వేలు. ఇవి తీసేస్తే యాసంగి (రబీ) సేద్యానికి చేతిలో ఉన్నది 2.17 లక్షల ఘనపు మీటర్లు.

ఈ అంకెను నమ్మేముందు మూడో అడుగులో రాసుకున్న నీటిమట్టాలతో సరిచూడండి. మేలో 14 మీటర్ల లోతున ఉన్న నీరు అక్టోబరుకు 11.6 మీటర్లకు వచ్చిందంటే 2.4 మీటర్లు లేచింది. 900 హెక్టార్లు, 2.4 మీటర్లు, 1.5 శాతం, ఈ మూడూ గుణిస్తే 3.24 లక్షలు. వానాకాలంలో తోడేసిన 1.46 లక్షలు దానికి కలపండి, 4.70 లక్షలు. వాన లెక్కలో వచ్చిన 4.62కు దగ్గరగానే ఉంది. రెండింటికీ ఇరవై శాతం దాకా తేడా ఉన్నా కంగారుపడక్కర్లేదు, అంతకు మించితే మాత్రం ఎక్కడో కొలత తప్పింది. ఎక్కువసార్లు తప్పేది బోర్ల సంఖ్య దగ్గరే. కరెంటు సర్వీసులు లేని బోర్లను ఎవరూ చెప్పరు.

ఏడో అడుగు: సభ

సభకు ముందు వారంలోనే ఇంటింటికీ తిరిగి ఎవరు ఎన్నెకరాల్లో ఏం వేద్దామనుకుంటున్నారో చీటీ రాయించుకోండి. నీటి లెక్క చెప్పకముందే ఇది చేయాలి. ముందు లెక్క చెప్పి తర్వాత అడిగితే సగం మంది అబద్ధం చెప్తారు, మిగతా సగం పక్కవాడు తగ్గిస్తాడులే అని ఊరుకుంటారు.

మన ఊహా గ్రామంలో 60 బోర్లకింద 120 ఎకరాల వరి అని చీటీలు వచ్చాయనుకుందాం. కావాల్సింది 5.83 లక్షలు. బోరు నీటితో వరి పండిస్తే, నీటిమట్టం 10 నుంచి 25 మీటర్ల లోతున ఉన్నచోట 35 శాతం మళ్ళీ కిందికి దిగుతుంది. అది తీసేసినా 3.79 లక్షలు. చేతిలో 2.17. లోటు 1.62 లక్షలు. దీన్ని పంచాయతీ గోడమీద రాయండి, అంకెలకన్నా బొమ్మలు మేలు. లక్షకు ఒక బిందె బొమ్మ వేసినా చాలు.

అదే 120 ఎకరాలను ఇలా మార్చి చూడండి: 20 ఎకరాలు వరి, 60 ఎకరాలు మొక్కజొన్న లేదా వేరుశనగ, 40 ఎకరాలు పెసర, ఉలవ, కుసుమ లాంటివి. ఆరుతడి పంటల్లో 15 శాతమే వెనక్కి ఇంకుతుంది. వరికి 63 వేలు, మొక్కజొన్న వరసకు 1.03 లక్షలు, 250 మి.మీ.తో సరిపెట్టుకునే చిన్న పంటలకు 34 వేలు. మొత్తం 2 లక్షలు. ఒక్క ఎకరం కూడా బీడు పడకుండా లెక్క సరిపోయింది.

కాగితం మీద సరిపోయింది, అంతే. 'వరైతే కొనే సెంటరుంది, పెసలెవరు కొంటారు' అన్న ప్రశ్న మొదటి నిమిషంలోనే వస్తుంది. తర్వాత 'వేరుశనగ పెడితే అడవిపందులు ఉంచుతాయా, మొక్కజొన్న పెడితే కోతులు ఉంచుతాయా' అంటారు. ఇవి సాకులు కావు. నీటి లెక్క వేసినవాళ్ళు వీటికి జవాబు లేకుండా సభకు వెళ్ళకూడదు. నేను చూసినంతలో పనికొచ్చేది ఒకటే, ఆరుతడిని చెల్లాచెదురుగా కాకుండా ఒకే చెక్కలో వేయడం. 60 ఎకరాలు ఒకచోట ఉంటే కాపలా వంతులు వేసుకోవచ్చు, సోలార్ కంచెకు కలిసి ఖర్చు పెట్టుకోవచ్చు, వ్యాపారి లారీ నేరుగా పొలానికే వస్తుంది. ఇంకో లాభం: పక్క మడి వరి అయితే దాని ఊట దిగి ఆరుతడి పైరు ఎర్రబారుతుంది. చెక్కలుగా వేస్తే ఆ తగాదా ఉండదు.

సభ పొద్దుపోయాక పెట్టండి, ఆడవాళ్ళు వచ్చే వేళ చూసుకోండి. కలుపుకీ నాటుకీ వెళ్ళేది వాళ్ళే, ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలతో నిలబడేదీ వాళ్ళే. తాగునీటి బోరుకు దగ్గరలో వరి వేయొద్దని గట్టిగా అడిగేది చాలాచోట్ల వాళ్ళే. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. ఆ ముక్క గోడమీద లెక్క పక్కనే రాసి ఉంచండి.

ఎనిమిదో అడుగు: చెరువు పంపకం

తూము ఏ రోజుల్లో తెరవాలో, ముందు ఎవరికి పారాలో సభలోనే రాసుకోవాలి. చివరి ఆయకట్టు నుంచి మొదలుపెట్టి పైకి రావడమే న్యాయం. మొదటి పొలంవాడు ఎలాగూ తడుపుకోగలడు, చివరివాడికి వారాబందీ (వంతులవారీగా నీళ్ళివ్వడం) తప్పితే దిక్కులేదు. నీరటికి ఊరు ధాన్యం కొలిచే పద్ధతి ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని పోనివ్వకండి. పోయినచోట ఎకరానికి ఇంత అని రూపాయల్లో పెట్టి, రసీదు ఇవ్వండి. జీతం లేని నీరటి, అడిగినవాడికల్లా తూము తెరుస్తాడు.

చేపలవాళ్ళతో మాట ముందే తేల్చుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పిల్లలు వదులుతారు, పట్టేది వేసవిలో. తూము అడుగంటా ఖాళీ చేస్తే కిలో కాకముందే పట్టి తెగనమ్ముకోవాలి. అందుకే అయిదో అడుగులో 50 వేలు పక్కన పెట్టాం. తూము గోడమీద ఎర్ర గీత గీయండి, నీళ్ళు ఆ గీతకు దిగగానే తూము మూసేయాలి. రైతులకు గీత ఎందుకో, బెస్తలకు గీత ఎంతవరకో ఒకేరోజు ఒకేచోట చెప్పాలి, విడివిడిగా చెప్తే రెండు గీతలు అవుతాయి.

తొమ్మిదో అడుగు: వరి వేసే ఆ 20 ఎకరాల్లో

వరిని మానమనడం కన్నా తడి-పొడి పద్ధతి చూపించడం తేలిక. అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క తీసుకుని కింది సగానికి డ్రిల్లుతో చిల్లులు పెట్టండి. చిల్లులున్న భాగం నేలలోకి వెళ్ళేలా మడిలో దిగ్గొట్టి, లోపలి మట్టి చేత్తో తీసేయండి. మడి పైన నీళ్ళు ఇంకిపోయినా పైపులోకి తొంగిచూస్తే లోపల నీరు కనిపిస్తుంది. నేలమట్టానికి 15 సెం.మీ. కిందికి దిగేదాకా మోటారు వేయనవసరం లేదు, వేర్లు అక్కడిదాకా అందుకుంటాయి. నాటాక మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం మడిలో పలచగా నీళ్ళు ఉంచాలి. దీంతో పెట్టే నీళ్ళు నాలుగో వంతు దాకా తగ్గుతాయి. మొదటిసారి మడి పైన తడి ఆరడం చూసి టెన్షన్ పడని రైతు ఉండడు. అందుకే ఒక మూల పది గుంటల్లో చేసి చూడమనండి.

డ్రిప్ గురించి ఒక్క మాట. సబ్సిడీ ఉంటే తీసుకోండి. కానీ డ్రిప్‌తో మిగిలిన నీళ్ళను వెంటనే ఇంకో రెండెకరాలకు పారిస్తే ఊరి లెక్కలో మిగిలేది సున్నా. రైతుకు లాభం, బోరుకు కాదు. ఈ సంగతి సబ్సిడీ కాగితాల్లో రాయరు కాబట్టి సభలో చెప్పాల్సిందే. బోర్లను పైపులతో కలిపి, బోరు లేనివాళ్ళకు కూడా తడి ఇచ్చి, కొత్త బోరు వేయకూడదని ఒప్పందం రాసుకున్న ఊళ్ళు అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో ఉన్నాయి. అది రెండో మూడో ఏడాది పని, మొదటి ఏడాదే తలకెత్తుకోకండి.

పదో అడుగు: జనవరి, మే

సంక్రాంతి అయ్యాక డ్రమ్ము మళ్ళీ తిప్పండి, నీటిమట్టం మళ్ళీ కొలవండి. అక్టోబరులో అనుకున్నదానికన్నా మట్టం వేగంగా దిగుతుంటే పొట్టదశకు ముందే చెప్పే అవకాశం ఉంది. కోతకు దగ్గరగా ఉన్న పైరుకు బోర్లు వంతులవారీగా నడపొచ్చు, పశుగ్రాసానికి వదిలేసే చెక్క ఏదో ముందే తేల్చుకోవచ్చు.

మేలో చివరిసారి కొలిచాక రెండు అంకెలు పక్కపక్కన రాయండి: అక్టోబరులో ఎన్ని మీటర్లు దిగుతుందని లెక్క కట్టారు, నిజంగా ఎన్ని దిగింది. మన ఉదాహరణలో యాసంగికి 2 లక్షలు, నవంబరు నుంచి మే వరకు ఏడు నెలల తాగునీరూ పశువుల నీరూ 31 వేలు, వాగు ఊట 46 వేలు, మొత్తం 2.77 లక్షలు తీస్తే మట్టం రెండు మీటర్ల పైచిలుకు దిగాలి. మూడు మీటర్లు దిగిందంటే లెక్కకు దొరకని బోర్లున్నాయి, లేదా మీ రాయిలో 1.5 శాతం కన్నా తక్కువే నిలుస్తోంది. బోర్లు మళ్ళీ లెక్కపెట్టండి. సంఖ్య సరిగ్గానే ఉంటే వచ్చే ఏడాది లెక్కలో 1.5 బదులు 1 శాతం వేసుకుని మొదలుపెట్టండి. రెండు మూడేళ్ళకు ఏ పుస్తకంలోనూ లేని మీ ఊరి సొంత అంకె మీకు దొరుకుతుంది. రోహిణి కార్తెలో కొలిచిన ఆ మట్టమే కొత్త ఏడాదికి మొదటి పేజీ. వానమాపకం కడిగి, మృగశిరకు ముందే దిమ్మె మీద పెట్టేయండి.